భూమి మొదట ఎటు కదిలింది

మధ్యాహ్నం భోజనమయ్యాక నేను నేల మీద పడుకుంటాను. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఫ్లాటు ఏడో అంతస్తులో ఉంది. చాప కూడా లేకుండా చల్లని టైల్స్‌కు చెంప ఆనించి కళ్ళు మూసుకుంటే ఇల్లు మెల్లగా మాట్లాడటం మొదలుపెడుతుంది. కింద రోడ్డు మీద కాంక్రీటు లారీ వెళితే ఒక రకం అదురు, పక్క టవర్లో లిఫ్టు ఆగితే ఇంకో రకం. మా పనమ్మాయి మొదటిసారి నన్నలా చూసి పడిపోయాననుకుని కేకలు పెట్టింది. ఇప్పుడు నా చుట్టూ తుడిచి వెళ్ళిపోతుంది.

నా పేరు సుగుణ. ఒంగోలు దగ్గర పుట్టాను. మా అమ్మ నర్సు, నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నా ఉద్యోగ జీవితమంతా బెంగళూరులోని ఒక భూకంప పరిశోధన కేంద్రంలో గడిచింది. భూమి కదిలినప్పుడు పరికరం గీసే గీతను చదివి, ఎక్కడ కదిలింది, ఎందుకు కదిలింది అని చెప్పడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఎవరి ఫైలు ఎవరు తొక్కిపెట్టారన్న కబుర్లు ఇందులో లేవు. అవి ఏ ఆఫీసు క్యాంటీన్లోనైనా దొరుకుతాయి.

ముందుగా ఒక సంగతి. భూమి ఎప్పుడూ ఊరుకోదు. బంగాళాఖాతంలో అలలు ఒడ్డును కొడితే ఆ అదురు నేలలోంచి నడుచుకుంటూ బెంగళూరు దాకా వస్తుంది. అటు అరేబియా సముద్రం నుంచీ వస్తుంది. తుఫాను పుట్టిందంటే టీవీ వాళ్ళకంటే ముందే మా తెర మీద గీత లావెక్కేది. అంటే సముద్రం కంటికి కనపడని ఈ ఊళ్ళో, మనం వంట చేసుకుంటూ, బస్సు కోసం చూస్తూ, నిద్రపోతూ, రెండు సముద్రాలతో పాటు ఊగుతూనే ఉంటాం. ఈ సంగతి తెలిసిన రోజున సంతోషం పట్టలేక నేను సరిగా అన్నం తినలేదు. మీకు ఇది విని ఏమీ అనిపించకపోతే ఈ ఉద్యోగం వద్దు, సాఫ్ట్‌వేర్‌కు వెళ్ళండి. జీతం కూడా బాగుంటుంది.

బండ మీద అరచెయ్యి

నాకు పని నేర్పినవారు నంజుండయ్య గారు, మా డైరెక్టరు. బెంగళూరు నగర్తపేటలో తరాల కిందట స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. వాళ్ళ ఇంటి కింద జరీ పనివాళ్ళ చిన్న కార్ఖానా ఉండేది. ఆయన తెలుగులో సగం కన్నడం, కోపంలో మొత్తం కన్నడం. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నన్ను కోలారు దారిలో ఉన్న ఒక రాళ్ళ క్వారీకి తీసుకెళ్ళారు. దూరంగా ఒక బండ మీద కూర్చోబెట్టి, "చెయ్యి బండ మీద పెట్టమ్మా. కండ్లు మూసుకో" అన్నారు.

క్వారీలో మందు పేల్చారు. చెవికి శబ్దం చేరేలోపే బండ నా అరచేతిని పైకి తోసింది.

"ఎటు తోసె?" అన్నారాయన.

"పైకి సార్."

"అంతే. పేలుడంటే నాలుగు దిక్కులకూ తోస్తాది. ఎవురు యాడ కూసోనుండినా మొదట పైకే. భూకంపం అట్ల కాదు. అక్కడ నేల జరుగుతాది. ఒకరికి తోపు, ఒకరికి లాగుడు. నీ గీత మొదట కిందికి పోయిందంటే అది పేలుడు కాదు. ఇది తెలిస్తే సగం పని తెలిసినట్లే."

మిగతా సగం కోసం నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ మిగతా సగంలో లెక్కలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఒకసారి మారతహళ్ళిలో ఒక అపార్టుమెంటు జనమంతా భూకంపమని రోడ్డు మీదకు వచ్చేశారు. మేం పరికరం పట్టుకుని వెళ్ళి చూస్తే పక్క స్థలంలో పునాది కోసం పైలింగ్ మిషన్ కొడుతోంది. ఆ మాట చెబితే వాళ్ళ ముఖాలు వాడిపోయాయి. ఒక పెద్దాయన నాతో వాదనకు కూడా దిగాడు. జరిగింది తెలుసుకోవడం కంటే తాము అనుకున్నదే జరిగిందని వినడం మనుషులకు ఇష్టం. అపార్టుమెంటు వాళ్ళకైనా అంతే, రాజ్యాలకైనా అంతే.

చెవులు పెట్టినవాడు

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు అగ్రరాజ్యం గురించి ఒక అభిప్రాయానికి రాకుండా ఉండలేరు. పత్రికలు చదివే వాళ్ళలా మనం తిట్టనూ లేం, పొగడనూ లేం. ఎందుకంటే మన చెవులు వాళ్ళు పెట్టినవే.

ప్రపంచమంతటా భూకంపాలను వినే పరికరాలు ఇన్ని వెలిశాయంటే దానికి కారణం భూకంపాల మీద ప్రేమ కాదు. ఇతరులు నేల లోపల రహస్యంగా అణుబాంబులు పరీక్షిస్తే పట్టుకోవాలని అగ్రరాజ్యం దేశదేశాల్లో పరికరాలు పెట్టించింది. డబ్బిచ్చింది, శిక్షణనిచ్చింది, వచ్చిన సమాచారాన్ని అడిగినవాళ్ళందరికీ ఉచితంగా ఇచ్చింది. దాని పుణ్యాన మన శాస్త్రం ఎదిగింది. సునామీ హెచ్చరికలకూ ఆ చెవులే ఆధారం. ఈ మేలును కాదంటే నాకు పాపం తగులుతుంది.

అదే కాలంలో వాళ్ళు తమ ఎడారిలో నేల కింద బాంబులు పేలుస్తూనే ఉన్నారు. మా కేంద్రంలో పాత గీతలు తిరగేస్తే అవీ కనిపించేవి. మొదటి కదలిక పైకే. వాళ్ళ బాంబుకు వేరే గీత ఉండదు. మన దేశం పరీక్ష చేసినప్పుడు మా ఆఫీసులో మైసూర్‌పాకు పంచారు, అగ్రరాజ్యం మనల్ని మందలించింది, ఆంక్షలు పెట్టింది. నంజుండయ్య గారు మైసూర్‌పాకు తింటూనే, "మనదీ పైకే తోసింది కదమ్మా" అన్నారు. ఆ రోజు ఆ మాట అక్కడ ఎవరికీ రుచించలేదు.

ఊళ్ళో ఎవరో ఒకరు కాపలా కాయాలి కదా అంటారు. నిజమే. కాపలావాడు లేని ప్రపంచంలో నేనూ ఉండలేను. అయితే కాపలావాడు తన ఇంటి చప్పుడు కూడా రాసుకుంటాడా లేదా అన్నది నేను అడిగే ప్రశ్న. అది నాకు పుస్తకాల్లోంచి రాలేదు. జరీనా వల్ల వచ్చింది.

ఆయుధపూజ ముందునాటి కదలిక

జరీనా ఒక చిన్న ఎడారి దేశం నుంచి మా దగ్గర శిక్షణకు వచ్చిన యువ శాస్త్రవేత్త. ఆ దేశం పేరు చెప్పను, ఆమె ఇంకా అక్కడే ఉంది. సన్నగా, ఎప్పుడూ చలేస్తున్నట్టు చేతులు ముడుచుకుని ఉండేది. బెంగళూరు ఇడ్లీ మీద ప్రేమ, కొబ్బరి చట్నీ మీద అనుమానం. మేం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ ఆమె మాటల్ని తెలుగులో రాస్తున్నాను.

ఆ ఏడాది దసరా ముందు వానలు విపరీతంగా పడ్డాయి. ఊరి బయట గుట్టల్లో ఉన్న మా ముఖ్య పరికరానికి పిడుగుపడి కేబుల్ కాలిపోయింది. కొత్త కేబుల్ వేశాం. ఆ మర్నాడే జరీనా దేశంలో నేల కదిలింది. చిన్న కదలికే. అది రహస్య అణుపరీక్ష అని అగ్రరాజ్యం సాయంత్రానికల్లా ప్రకటించింది. తమ పరికరాల్లో మొదటి కదలిక పైకే ఉందని చెప్పింది. దశమి వెళ్ళాక ప్రపంచ దేశాల సమావేశంలో కఠినమైన ఆంక్షలకు తీర్మానం పెడతామంది.

మా తెర మీద గీత మొదట కిందికి వెళ్ళింది.

జరీనా నా భుజం పక్కనుంచి తొంగి చూసింది. "మేడమ్, కిందికే కదా? నాకు అలా కనిపిస్తోందా, నిజంగానే అలా ఉందా?"

"నాకూ అలాగే కనిపిస్తోంది."

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. మొదటిసారి తన ఇంటి సంగతి చెప్పింది. కిందటిసారి ఆంక్షలు పెట్టినప్పుడు మందులకు మినహాయింపు ఉందని కాగితాల మీద రాశారట. ఓడలవాళ్ళు, బ్యాంకులవాళ్ళు భయపడి మందులు కూడా ఆపేశారట. ఇన్సులిన్ అందక వాళ్ళ నాన్న పోయాడు. ఇప్పుడు వాళ్ళ అమ్మకు అదే జబ్బు, అదే మందు.

"మా పాలకుల్ని నేను నమ్మను మేడమ్. వాళ్ళు నిజంగానే పరీక్ష చేసి ఉండొచ్చు. అందుకే భయంగా ఉంది. అమ్మ కోసం నా కళ్ళు అబద్ధం చూస్తున్నాయేమో!"

నేను ఆమె తల మీద చెయ్యి వేశాను.

రోజూ ప్రతి కేంద్రమూ తాను విన్న కదలికల వివరాలు ప్రపంచ సమాచార కేంద్రానికి పంపుతుంది. ఎప్పుడు చేరింది, మొదట పైకా కిందికా, అంతే. అది కాఫీ తాగినంత మామూలు పని. ఆ రోజు నేను పంపబోతుంటే అగ్రరాజ్యంలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి, నాకు ముఖపరిచయం లేని ఒక శాస్త్రవేత్త మెయిల్ పంపాడు. "మీ గీత కిందికి ఉందా? ఉంటే చాలా ముఖ్యం. అయితే మీరు ఈమధ్య కేబుల్ మార్చారని విన్నాను. తీగలు తారుమారు కాలేదని నిర్ధారించుకున్నారా?"

ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది, ఎందుకంటే అది సరైన ప్రశ్న. రెండు తీగలు తారుమారైతే పైకి తోసినది కిందికి గీస్తుంది. మా వృత్తిలో పెద్ద పెద్దవాళ్ళు చేసిన పొరపాటది. తీగలు విప్పి చూస్తే పోదా అంటారు. చూశాం. బయట రంగులు సరిగానే ఉన్నాయి. లోపల ఏది దేనికి కలిపారో తయారుచేసిన కంపెనీ చెప్పాలి, ఆ కంపెనీ అగ్రరాజ్యంలోదే, వాళ్ళ ఫోను మోగుతూనే ఉంది. ఇక మిగిలిన దారి ఒక్కటే. పైకి తోస్తుందని ముందే తెలిసిన ఒక పేలుడును ఆ పరికరంతో వినాలి. మా క్వారీ పేలితే చాలు. కానీ మేం కేబుల్ మార్చినప్పటి నుంచీ వానల వల్ల క్వారీలో పని ఆగిపోయి ఉంది.

"పొద్దున్నే క్వారీకి పోదాం" అన్నారు నంజుండయ్య గారు.

ఓబులేసు ముట్టనన్నాడు

ఆ మర్నాడు ఆయుధపూజ. బెంగళూరులో ఆ రోజు ఆటో మొదలుకొని కంప్యూటరు దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. మా ఆఫీసులో కూడా రికార్డర్‌కు కుంకుమ పెట్టి, గేటు ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టాం. కుంకుమ వల్ల రీడింగు మారదు కదా అని జరీనా చాలా సీరియస్‌గా అడిగింది. ఆ ఉద్రిక్తతలో కూడా మా అందరికీ నవ్వొచ్చింది.

క్వారీలో వాన వెలిసి ఎండ మెత్తగా పరుచుకుంది. తడిసిన రాళ్ళ మీంచి పొగలా ఆవిరి లేస్తోంది. గుంటలో నిలిచిన నీళ్ళల్లో మేఘాలు కదులుతున్నాయి. ఇంత ప్రశాంతంగా ఉన్నచోట మందు పేల్చమని అడగడానికి వచ్చామా అనిపించింది. మేస్త్రి ఓబులేసుది అనంతపురం వైపు. డ్రిల్లులు, సుత్తులు, మందు పేల్చే పెట్టె, అన్నీ కడిగి వరుసగా పెట్టి, పసుపూ కుంకుమా పూసి, బంతిపూలు వేశాడు.

నంజుండయ్య గారు విషయం చెప్పారు. ఓబులేసు తల అడ్డంగా ఊపాడు.

"అయ్యేదానికి లేదు సామీ. పూజలో పెట్టినాం. దశమి పోయినంక తీస్తాం. అంతదంకా ముట్టకూడదు."

"చాలా అర్జెంటప్పా. ఒగ దేశం కథ ఉండాది ఇందులో."

"ఎవురికైనా అర్జెంటే సామీ. మా ఓనరు కూడా నిన్న ఫోన్ జేసి అర్జెంటే అనె. ఆయప్పకు కాదని, మీకు ఔనంటే యట్ల? నా కింద పనిజేసేటోల్లు రేపు నా మాట ఇంటారా?"

నాకు కోపం వచ్చింది. అవతల ఒక తల్లి ప్రాణం, ఇవతల ఈయన బంతిపూలు. నోరు తెరవబోతుంటే జరీనా నా చెయ్యి పట్టుకుంది. అతనేమన్నాడని అడిగింది. చెప్పాను.

"బలవంతం చెయ్యకండి" అంది. "తనకు అర్జెంటు కాబట్టి ఎదుటివాళ్ళ నియమం ఆగాలని అడిగేవాళ్ళతోనే కదా మా గొడవంతా."

నంజుండయ్య గారు నిట్టూర్చారు. "స్వల్ప ఓర్చుకుందామమ్మా" అన్నారు. ఓబులేసు మాకందరికీ బొరుగులు, బెల్లం, అరటిపళ్ళు పెట్టాడు. జరీనా బంతిపూల పక్కన రాయి మీద కూర్చుని, పొద్దు వాలేదాకా బొరుగులు ఒక్కొక్కటే తింది. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ మగత నిద్రలో వస్తుంది. మనుషులు కదలరు, మాట్లాడరు, పసుపు పూసిన సుత్తులు మాత్రం మెరుస్తుంటాయి.

పైకా, కిందికా

ఈలోగా పైఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆ అధికారి చాలా మర్యాదగా మాట్లాడాడు. కదలిక ఎప్పుడు చేరిందో పంపండి, పైకా కిందికా అన్నది ఈసారికి వదిలెయ్యండి, మనకు అగ్రరాజ్యంతో చాలా పనులున్నాయి, అన్నాడు. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. మిమ్మల్ని కూడా ఎవరూ అబద్ధం చెప్పమని అడగరు. ఒక ముక్క వదిలెయ్యమంటారు, అంతే. అప్పుడు గుర్తుపట్టడం నేర్చుకోండి.

నంజుండయ్య గారు ఫోను పెట్టేసి నా వైపు తిరిగారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. "కేబుల్ సరిగ్గా ఉంటే పూర్తిగా పంపు. తారుమారై ఉంటే అదీ రాసి పంపు. ఏదైనా సరే, నా పేరు మీద పంపు" అన్నారు.

దశమి వెళ్ళిన మర్నాడు ఓబులేసు పూలు తీసి, పెట్టెకు దణ్ణం పెట్టుకుని మందు పేల్చాడు. మేం ఆఫీసులో తెర ముందున్నాం. జరీనా కళ్ళు మూసుకుంది. గీత నిక్కచ్చిగా పైకి లేచింది. అంటే తీగలు సరిగ్గా ఉన్నాయి. అంటే ఆనాటి గీత నిజంగానే కిందికి వెళ్ళింది. ఆ ఎడారిలో నేల తనంతట తాను జరిగింది, ఎవరూ ఏదీ పేల్చలేదు.

నేను అన్ని వివరాలూ పంపాను. మెయిల్ పంపిన ఆ శాస్త్రవేత్త మా గీతను, ఇంకో రెండు దేశాల గీతలను పక్కపక్కన పెట్టి, తన ప్రభుత్వం పొరబడిందని తన దేశపు పత్రికల్లోనే రాశాడు. అతన్ని ఎవరూ జైల్లో పెట్టలేదు. ఇది కూడా రాయాలి, రాయకపోతే నా లెక్క తప్పవుతుంది. తీర్మానం సమావేశానికి రాలేదు. అగ్రరాజ్యం మాత్రం తప్పైందని అనలేదు. "సమాచారం అసంపూర్ణంగా ఉంది" అంది. ఆ ఒక్క ముక్కతో దులిపేసుకుంది.

వాళ్ళ ప్రవర్తన న్యాయమేనా అని పిల్లలు నన్ను సభల్లో అడుగుతుంటారు. నా జవాబు ఇది. ప్రపంచానికి చెవులు పెట్టినందుకు వాళ్ళకు దణ్ణం. ఆ చెవుల్లో తమకు నచ్చిందే వినపడాలని కోరినందుకు, పొరబడినప్పుడు ఒక చిన్న దేశానికి క్షమాపణ చెప్పనందుకు, ఆ పెద్దరికాన్ని నేను ఒప్పుకోను. బలం ఉంది కాబట్టి తూకం తన చేతిలోనే ఉండాలనడం న్యాయం కాదు. రేపు మన దేశం ఆ కుర్చీలో కూర్చున్నా నేను ఇదే అంటాను, అప్పుడు ఎవరూ మైసూర్‌పాకు పెట్టకపోయినా సరే.

జరీనా శిక్షణ పూర్తయి వెళ్ళేరోజున నేను విమానాశ్రయం దాకా వెళ్ళాను. హెబ్బాళ దాటాక ట్రాఫిక్‌లో కారు నత్తలా పాకుతోంది. వాళ్ళమ్మకు మందు అందుతోందని, ఓడ వచ్చిందని చెప్పింది. ఉన్నట్టుండి అడిగింది.

"మేడమ్, ఆ గీత పైకి వెళ్ళి ఉంటే? అప్పుడూ పంపేవారా?"

అబద్ధం చెబితే ఆ పిల్ల హాయిగా విమానం ఎక్కుతుంది.

"పంపేదాన్ని."

"మా అమ్మ సంగతి తెలిసి కూడా?"

"తెలిసి కూడా. ఏడుస్తూ పంపేదాన్ని."

జరీనా సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఆమె ముఖంలో బిగువు సడలింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"మంచిది," అంది. "లేకపోతే ఆ మందు మా అమ్మకు మీ దయ వల్ల వచ్చిందని అనుకోవాల్సి వచ్చేది."